ఎర్ర గాయం, తెల్ల గాయం

జూలై 4, 2017

రూబీ గొంతు పోయింది.

జేమ్స్ తీసుకొచ్చాడు. ఓపీ నిండా జనం. వాడు ఆగే రకం కాదు కదా, తలుపు తోసుకుని తిన్నగా వచ్చేశాడు. డాక్టరమ్మ తమ్ముడని ఎవరూ ఏమీ అనలేదు. భార్య భుజం మీద చేయి వేసి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఆ చేయి చివరిదాకా తీయలేదు.

"చర్చికి ఎల్తన్నామక్కా. గరివిడి దాటగానే దీని సున్నీ బండి సక్రంలో పడిపోనాది. నాను బ్రేకేసీసరికి పీకకి బిగిసీసినాది. ఆ కాడ్నించి మాట నేదు."

"నువ్వు చెప్పు రూబీ" అన్నాను.

నోరు తెరిచింది. గాలి తప్ప ఏమీ రాలేదు. ఆరో తరగతి పిల్లల్ని వరండా చివర్నుంచి కేకేస్తే బడి మొత్తం వినిపించే గొంతు ఆమెది. పెళ్లిచూపులనాడు మా చిన్నాన్న ఇమ్మానుయేలు "మైకు అక్కర్లేని పిల్ల" అన్నాడు.

నోట్లో అద్దం పెట్టి చూడబోతే వాంతి వచ్చినట్టయి తోసేసింది. ఏమీ కనపడలేదు. మెడ చూశాను. చుట్టూ ఒరుసుకున్న గుర్తు లేదు. ముందు మాత్రం, కంఠమణికి రెండు పక్కలా, వేలి మందాన నీలం.

చున్నీ మడతపడి ఉంటుంది. ముడి దగ్గర నొక్కుకుని ఉంటుంది. చున్నీ చక్రంలో పడ్డ ఆడవాళ్లు నా దగ్గరికి రావడం కొత్తేమీ కాదు.

నీలవేణి ఆ నీలాలు చూసి నావైపు చూసింది. పదేళ్లుగా నా దగ్గర నర్సు. "మేడం, సారుని కాసేపు బయట కూకోమందునా, టీ ఇప్పిస్తాను" అంది.

అక్కర్లేదన్నాను.

జూలై 5

వాపు తగ్గాలి. ఆవిరి, స్టెరాయిడ్, మాట్లాడకుండా విశ్రాంతి. మాట్లాడొద్దని చెప్తే రూబీ నవ్వినట్టు అనిపించింది. దగ్గి ఉంటుంది.

జూలై 11

చీపురుపల్లి పెట్రోలు బంకులో జేమ్స్ ఎవరినో కొట్టాడట. వరసలో ముందుకు దూరాడని హెల్మెట్ తీసి మూతి మీద కొట్టాడు. ఆ మనిషికి రెండు పళ్లు ఊడాయి, దవడ చీలింది. కింద పడ్డాక కూడా తన్నాడని బంకు కుర్రాళ్లు చెప్పారట.

నేనే వెళ్లి ఆ మనిషిని మా డెంటిస్టుకు చూపించాను. కేసు వద్దన్నాడు. మంచివాడు.

జేమ్స్‌కి కోపం ఎక్కువ, అంతే. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్లు. నాకు పద్దెనిమిది. అన్నం నేనే కలిపి పెట్టాను, చదువు నేనే చెప్పించాను, డ్రిల్లు మాస్టారి ఉద్యోగం వచ్చిన రోజు నా కాళ్లకు దణ్ణం పెట్టాడు. అలాంటివాడు.

జూలై 18

ముక్కులోంచి సన్న గొట్టం వేసి చూశాను. ఎడమ స్వరతంత్రి కదలడం లేదు. వాపువల్ల వెనక భాగం సరిగ్గా తెలియలేదు. వైరల్ కూడా కావచ్చు, ఈ మధ్య వస్తున్నాయి. మత్తు ఇచ్చి నేరుగా చూడాలి.

జేమ్స్ ఒప్పుకోడు. "మత్తెందుకక్కా? మాటొస్తే వస్తాది, నేకపోతే నేదు. ఇల్లు ప్రశాంతంగా ఉన్నాది" అని నవ్వాడు.

నేనూ నవ్వాను.

జూలై 21

రూబీ నాన్న పరంజ్యోతి మావయ్య కోటబొమ్మాళి నుంచి వచ్చాడు. మిషన్ బడిలో తోటపని చేసి రిటైరైన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటాడు. నా గదిలో కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"డాక్టరమ్మా, నా పిల్ల మాటాడతాదా నేదా?"

"లోపల చూస్తేగాని చెప్పలేను మావయ్యా."

"అయితే సూడు. ఎవులు వద్దన్నా సూడు. సంతకం నాను పెడతాను."

జేమ్స్ వరండాలో నిలబడి విన్నాడు. ముసలాయన బయటికి వెళ్తుంటే దారివ్వకుండా ఛాతీ అడ్డం పెట్టాడు. మావయ్య తప్పుకోలేదు. ఇద్దరూ అలా నిలబడ్డారు. చివరికి నేను పిలిచాను, "జేమ్స్, ఇలా రా" అని. వచ్చాడు. నా మాట వింటాడు.

జూలై 25

ఈ రోజు రూబీ గొంతు నేరుగా చూశాను.

మత్తు ఇవ్వడానికి విజయనగరం నుంచి డాక్టర్ ప్రద్యుమ్న వచ్చాడు. తల వెనక్కి వంచి, పై పళ్లకు తడి గాజుగుడ్డ అడ్డం పెట్టి, లోహపు గొట్టం నాలుక పక్కనుంచి దించాను. వందల మందికి చేశాను. చేయి దానంతటదే వెళ్తుంది. కొండనాలుక దాటాను, గాలిదారికి మూతలా ఉండే ఉపజిహ్వికను పైకెత్తాను, దీపం వెలుగు స్వరపేటిక మీద పడింది.

ఎడమ పక్కన, తంత్రిని వెనకనుంచి పట్టి ఉంచే చిన్న మృదులాస్థి కీలు తప్పి ముందుకు ఒరిగి ఉంది. దాని మీద ఇంకా ఎర్రగా గాయం. మూడు వారాల నాటిది. అది నేను ఊహించిందే.

ముందువైపు, తంత్రులు రెండూ కలిసే చోట, ఒక తెల్లని మచ్చ ఉంది. పొరలా సాగి రెండింటినీ అంటించేసింది. మానిపోయిన గాయం. ఆరు నెలల నాటిదో, ఏడాది నాటిదో. అలా ఎంతసేపు చూశానో తెలియదు. ప్రద్యుమ్న "ఆక్సిజన్ బానే ఉంది మేడం, కంగారు లేదు" అన్నాడు.

"ఒకసారి చూడు" అన్నాను.

వంగి చూశాడు. చాలాసేపు చూసి లేచాడు.

"ఏం జరిగిందన్నారు?"

"చున్నీ. బండి చక్రంలో."

"ఒకటి ఎర్రది. ఒకటి తెల్లది." మాస్కు వెనక అతని గొంతు మామూలుగానే ఉంది. "చున్నీ రెండుసార్లు చక్రంలో పడదు కదండీ."

గొట్టం కొసతో ఆ కీలును వెనక్కి, బయటికి నొక్కాను. ఒకసారి జారింది. రెండోసారి లోపల చిన్నగా కదిలి కూర్చున్నట్టు చేతికి తెలిసింది. తెల్ల పొరను కోసి విడదీశాను. కొంచెం రక్తం. తుడిచాను. మాట వస్తుంది. పూర్వంలా కాకపోయినా వస్తుంది.

పని బాగా చేశాను. ఆ మాట రాసుకోవచ్చు.

జూలై 26

పొద్దున్న రూబీ మంచం దగ్గరికి వెళ్లాను. జేమ్స్ గుమ్మంలో ఉన్నాడు.

"చున్నీయే కదా రూబీ?" అని అడిగాను.

గుమ్మం వైపు చూసింది. తర్వాత నన్ను చూసింది. "సున్నీ" అంది. బొంగురుగా, గీరుకుపోయినట్టు ఉన్నా అది గొంతే. మూడు వారాల తర్వాత పలికిన మొదటి మాట.

ఎంత సంతోషం వేసిందో.

జూలై 28

నిన్న జేమ్స్‌ను నా గదిలో కూర్చోబెట్టి తలుపు వేశాను. రెండు గాయాలున్నాయిరా, ఒకటి పాతది అన్నాను. ముందు అర్థం కానట్టు చూశాడు. "అయితే?" అన్నాడు. వాడిచేత ఒప్పించాలని చూశాను. లేచి బల్ల మీది దీపం తీసి గోడకు కొట్టాడు. గాజు పెంకులు నా జుట్టులో పడ్డాయి. కుర్చీ తన్నాడు. బీరువా అద్దం పిడికిలితో పగలగొట్టాడు. చేయి కోసుకుని రక్తం కారుతుంటే నా ఒళ్లో తల పెట్టి ఏడ్చాడు.

"ఎదురు సెప్తాదక్కా. దాని గొంతు నా సెవిలో పడితే నాకేదో అయిపోతాది. ఆపమంటే ఆపదు. ఆపుదామనే పట్టుకున్నాను. సంపుదామని గాదు."

చేతికి ఏడు కుట్లు వేశాను. అమ్మ బైబిలు తెచ్చాను. దాని మీద చేయి పెట్టి ఇంకెప్పుడూ ముట్టుకోనన్నాడు. నిజంగా ఏడ్చాడు. నాకు తెలుసు వాడు ఎప్పుడు నిజంగా ఏడుస్తాడో.

ఈ రోజు డిశ్చార్జి. పరంజ్యోతి మావయ్య కూతురిని కోటబొమ్మాళి తీసుకుపోతానన్నాడు. నీలవేణి నా చెయ్యి పట్టుకుని "మేడం, ఆ ఇంటికి పంపీకండి" అంది. ఎప్పుడూ నన్ను అలా ముట్టుకోదు.

మొగుడూ పెళ్లాలు విడిపోతే మళ్లీ కలవరు. వాడు మారాలంటే ఆమె ఇంట్లో ఉండాలి. మావయ్యతో అన్నాను: "నా పూచీ."

ఆయన సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

ఆగస్టు 2

ఫోన్ చేశాను. జేమ్స్ ఎత్తాడు. రూబీ బాగుందట. నిద్రపోతోందట.

ఆగస్టు 7

నిద్రపోతోందట.

ఆగస్టు 11

నిద్రపోతోందట. మధ్యాహ్నం పన్నెండింటికి.

ఆగస్టు 16

బడిలో అడిగించాను. రూబీ సెలవు పెట్టిందట. నాతో ఎవరూ చెప్పలేదు.

అమ్మ ఎప్పుడూ మెడ చుట్టూ కొంగు కప్పుకునేది. చలి అనేది. మే నెలలో కూడా చలి అనేది. అప్పుడు మేమున్న బొబ్బిలిలో మే నెలలో చలి ఎక్కడిది?

ఇది ఎందుకు రాశానో తెలియదు.

ఆగస్టు 21

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చేతి ఉంగరం వేలు, చిటికెన వేలు విరిగాయి. కట్టు కట్టారు.

నిన్న ఆదివారం. చర్చికి వెళ్లకుండా కారు తీసుకుని చీపురుపల్లిలో జేమ్స్ ఇంటికి వెళ్లాను. ఎమర్జెన్సీ బ్యాగు వెనక సీట్లో పెట్టుకున్నాను. అందులో కత్తి, గాజుగుడ్డలు, గొంతులో వేసే ట్యూబు. అవెందుకని బయల్దేరేటప్పుడు ఎవరైనా అడిగుంటే చెప్పలేకపోయేదాన్ని.

ఇంటి ముందు పక్కింటి తాయారు నిలబడి ఉంది. పిండి కొట్టి అమ్ముకునే మనిషి. చేతుల నిండా బియ్యప్పిండి.

"ఇందాకటి దాకా అరుపులమ్మా. ఇప్పుడే ఆగిపోనాయి. తలుపు కొడితే తియ్యనేదు."

అరుపులు ఆగాయంటే ఏమిటో నాకు తెలుసు. కారులోంచి బ్యాగు అందుకున్నాను. ఇద్దరం పెరటివైపు పరిగెత్తాం. వంటింటి తలుపు పాతది, ఇద్దరం భుజాలతో గుద్దితే గొళ్లెం ఊడింది.

రూబీ నేల మీద వెల్లకిలా ఉంది. జేమ్స్ ఆమె ఛాతీ మీద మోకాలు పెట్టి కూర్చున్నాడు. రెండు చేతులూ మెడ మీద. బొటనవేళ్లు కంఠమణికి చెరో పక్కా. ఆ వేళ్లు ఎక్కడెక్కడ ఆనాయో నేను జూలై నాలుగునే చూశాను.

జుట్టు పట్టుకుని వెనక్కి లాగాను. వదల్లేదు. పొయ్యి మీది కుక్కరు తీసి తల మీద కొట్టాను. నా తమ్ముణ్ణి. రెండోసారి కొట్టాక వదిలాడు. మూత ఊడి పప్పు వాడి ముఖం మీద, గోడ మీద, రూబీ కాళ్ల మీద పడింది. కళ్లలో పడ్డ వేడికి అరుస్తూ పక్కకు దొర్లాడు.

రూబీ ఊపిరి పీల్చుకోవాలని చూస్తోంది. ఈలలాంటి చప్పుడు వచ్చింది, తర్వాత అదీ ఆగింది. ఛాతీ లోపలికి పోతోంది, గాలి వెళ్లడం లేదు. పెదవులు నల్లబడ్డాయి. కంఠమణి ఉండాల్సిన చోట చేయి పెడితే నలిగిన గుడ్డు పెంకులా కదిలింది. నోట్లోంచి దారి లేదు. కిందనుంచి కొయ్యాలి.

బ్యాగు తెరిచి కత్తి తీశాను. జేమ్స్ పాక్కుంటూ వచ్చి నా కుడి చేయి పట్టుకున్నాడు.

"వదిలీ అక్కా. సచ్చిపోనీ దాన్ని. సచ్చిపోనీ."

చేయి లాక్కుంటే వేళ్లు రెండూ పట్టి వెనక్కి విరిచాడు. పుల్ల విరిగిన చప్పుడు వినిపించింది. అది నా ఎముకని తెలియడానికి క్షణం పట్టింది. కత్తి జారి కింద పడింది. నా మెడ మీద కూడా చేయి వేశాడు.

తాయారు ఎప్పుడు వెళ్లి తెచ్చిందో రోకలి తెచ్చింది. వాడి మోకాలి చిప్ప మీద ఒక్కటి వేసింది, పిండి దంచినట్టు. వాడు కూలబడ్డాడు. భుజం మీద ఇంకొకటి వేసింది. "డాక్టరమ్మా, నీ పని నువ్వు సూడు. ఈడి పని నాను సూస్తాను" అంది.

ఎడమ చేత్తో కత్తి తీశాను. నిలువుగా ఒకే కోత. రక్తంలో ఏమీ కనపడలేదు, వేలితో తడిమాను. వాయునాళం ఉంగరాలు వేలికి తగిలాయి. కోశాను. రక్తం, గాలి కలిసి బుస్సుమని నా ముఖం మీద చిమ్మాయి. ట్యూబు తోశాను. ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. పెదవుల రంగు మారింది.

ఆ ఇంటి నేల మీద పప్పు, రక్తం, బియ్యప్పిండి. గోడకు ఆనుకుని మోకాలు పట్టుకుని వాడు "అక్కా, అక్కా" అని ఏడుస్తున్నాడు. నిజంగానే ఏడుస్తున్నాడు.

ఆగస్టు 23

రూబీని విజయనగరంలో చేర్చాం. జేమ్స్‌ను పోలీసులు పట్టుకున్నారు. మోకాలికి కట్టు కట్టించి స్టేషన్లో ఉంచారు.

ఇమ్మానుయేలు చిన్నాన్న వచ్చాడు. "పిల్ల బతికింది గదా. మరేటి కావాల? ఆడికి ఉద్యోగం పోతాది. మొదటిసారి సున్నీ అని నువ్వే సెప్పినావు. ఇప్పుడూ అదే సెప్పు. తోపులాటలో బిగిసీసిందని సెప్పు. డాక్టరు మాటకి ఎదురేటి?"

ఎస్సై కూడా అదే అడిగాడు, "మొదట మీరు చూసిందేమిటండీ?" అని. వేళ్లు సలుపుతున్నాయి, తర్వాత చెప్తానన్నాను.

ఆగస్టు 26

ఈ రోజూ చెప్పలేదు. జ్వరంగా ఉంది.

ఆగస్టు 29

రూబీ గదికి వెళ్లాను. మావయ్య లేచి బయటికి వెళ్లబోతే రూబీ చేయెత్తి ఆపింది. కూర్చోమంది. మెడలో ట్యూబు రంధ్రాన్ని వేలితో మూసింది. అలా మూస్తే గాలి పైకి వెళ్లి మాట వస్తుంది. నర్సులు నేర్పినట్టున్నారు.

"నీకు తెలుసు గదా వదినా" అంది.

నేను ట్యూబు కట్టు సరిచేయబోయాను. నా చేయి తోసేసింది. వేలు తీసి గాలి పీల్చుకుని మళ్లీ మూసింది.

"మొదటి రోజే తెలుసు. నా మెడ సూసినప్పుడే నీ మొకం మారిపోనాది. నాను సూసినాను."

"నువ్వు చున్నీ అన్నావు కదా రూబీ."

"నువ్వు అడిగిన తీరుకి ఇంకేటి సెప్తాను? ఆడు గుమ్మంలో ఉన్నాడు. 'సున్నీయే కదా' అన్నావు. ఎవులు పిసికినారని అడగనేదు." ఊపిరి అందక ఆగింది. కళ్లలో నీళ్లు లేవు. "నా గొంతులోకి దీపమేసి మరీ సూసినావు. సూసి, అతికించి, ఆడి సేతికే అప్పజెప్పినావు."

వాడు ప్రమాణం చేశాడన్నాను. అంటున్నప్పుడే ఆ మాట ఎంత సిగ్గులేనిదో నా చెవికి వినిపించింది.

పరంజ్యోతి మావయ్య కిటికీ వైపు తిరిగి అన్నాడు: "నీ పూచీ అన్నావమ్మా."

రూబీ చివరగా ఒకటే అంది. "ఇంక నా గొంతు నువ్వు సూడొద్దు. నువ్వు సూసింది నోటితో సెప్పు. అంతే."

ఆగస్టు 30

చెప్పాను.

స్టేషన్లో, ఎస్సై ముందు. కుడి చేయి కట్టుతో ఉంది కాబట్టి రాయడం వాళ్లు రాశారు, నేను చెప్పాను. రెండు బొటనవేళ్ల నీలాలు. ఎర్ర గాయం. తెల్ల గాయం. పాతది కనీసం ఆరు నెలలది. చున్నీవల్ల కాదు. జూలై నెలలోనే నాకు తెలుసు, తెలిసీ పంపాను. ఆ చివరి మాట అవసరం లేదన్నాడు ఎస్సై. రాయండి అన్నాను.

చిన్నాన్న లేచి అందరి ముందూ నా చెంప మీద కొట్టాడు. కళ్లద్దాలు ఎగిరి బల్ల కింద పడ్డాయి. "తమ్ముణ్ణి అమ్మీసినావే" అన్నాడు. కానిస్టేబులు ఆయన్ని బయటికి నెట్టాడు.

విచారణకని జైలు నుంచి తెచ్చి ఉంచిన లోపలి గదిలోంచి జేమ్స్ అరిచాడు. "అక్కా! నువ్వే గదా నన్ను పెంచినావు!"

"అవున్రా" అన్నాను. కళ్లద్దాలు వెతుక్కుని బయటికి వచ్చి, మెట్ల మీద కూర్చున్నాను.

సెప్టెంబరు 14

రూబీకి విశాఖపట్నంలో వేరే డాక్టరు ఆపరేషను చేశాడు. ప్రద్యుమ్న చెప్పాడు. నేనడగలేదు.

అక్టోబరు 6

ట్యూబు తీసేశారట.

అక్టోబరు 19

జేమ్స్‌కి బెయిలు రాలేదు. రెండుసార్లు కబురు పెట్టాడు. వెళ్లలేదు. ఈ రోజు వాడికి ఇష్టమైన కోడిపులుసు వండి, క్యారేజీలో సర్ది, మళ్లీ గిన్నెలోకి వంపేశాను.

నవంబరు 12

పరంజ్యోతి మావయ్య ఫోన్ చేశాడు. రూబీకి కోటబొమ్మాళి దగ్గర బడికి బదిలీ అయిందట. చీపురుపల్లి ఇంట్లో బట్టలు, సర్టిఫికెట్ల పెట్టె ఉండిపోయాయి. తాళం నా దగ్గరే ఉంది. "రైలు స్టేషనుకి తెచ్చీ అమ్మా. ఆ ఇంట్లో మావు అడుగెట్టం" అన్నాడు.

తెచ్చాను. ప్లాట్‌ఫారం మీద రూబీ సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. మెడకు ఏమీ కప్పుకోలేదు. కోత మచ్చ ఎండలో గులాబీరంగుగా మెరుస్తోంది. పెట్టె ఆమె కాళ్ల దగ్గర పెట్టాను. తల ఊపింది. నాతో మాట్లాడలేదు. నేను కొంచెం దూరంగా నీళ్ల పంపు దగ్గర నిలబడ్డాను. వెళ్లిపోవచ్చు. వెళ్లలేదు.

సీతాఫలాల గంప ఎత్తుకుని ఒకామె వచ్చింది. రూబీ బేరమాడింది. ఆ గొంతు కంకర మీద రేకు ఈడ్చినట్టుంది. రెండో మాటకే పక్కవాళ్లు తిరిగి చూశారు.

"ఏటమ్మా, గొంతలాగున్నాది? జలుబు సేసినాదేటి?" అంది పళ్లామె.

"జలుబు గాదు" అంది రూబీ. ఊపిరి నిండా పీల్చుకుంది. "నా మొగుడు పీక పిసికినాడు. మూడుసార్లు."

తగ్గించి చెప్పలేదు. ఆమెకు ఉన్నంత గొంతుతో చెప్పింది. టీ కొట్టు దగ్గర మనుషులు మాటలు ఆపారు. బెంచీ మీద నిద్రపోతున్నవాడు లేచి కూర్చున్నాడు. మావయ్య కూతురి పక్కన నిటారుగా కూర్చుని, చూసే వాళ్లందరినీ ఒక్కొక్కరినే చూశాడు.

పళ్లామె గంప దించి, "సచ్చినోడు, ఆడి సేతులు పడిపోను" అని, ఇంకో నాలుగు కాయలు రూబీ ఒళ్లో వేసింది.

పలాస పాసింజరు వచ్చింది. తండ్రీ కూతుళ్లు పెట్టె చెరో పక్కా పట్టుకుని ఎక్కారు. రూబీ కిటికీ పక్కన కూర్చుంది. ఇటు చూడలేదు. బండి వెళ్లిపోయింది.

పళ్లామె గంప ఎత్తుకోబోతూ సాయం పట్టమని నన్ను పిలిచింది. ఎడమ చేత్తో పట్టాను. నా కుడి చేతి వంకర వేళ్లు చూసింది. పట్టాల వైపు చూసింది.

"పెట్టె నువ్వే తెచ్చినావు గదమ్మా. ఆ పిల్లకి నువ్వేటవుతావు?"

"ఆడి అక్కని" అన్నాను.